కాటన్ దొరను ఎటు తీసుకెళ్దాం?

గోదావరి డెల్టాలో ఊరూరా విగ్రహమై నిలిచిన ఇంజనీరు ఒక్కసారి తిరిగొస్తే, ఆయనకు చూపించాల్సినవి దండలు కావు, కాలువలు

మే 15 వచ్చిందంటే ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర సందడి మొదలవుతుంది. సర్ ఆర్థర్ కాటన్ పుట్టినరోజు అది. గుర్రం మీద కూర్చున్న విగ్రహానికి పూలదండలు పడతాయి. రైతు సంఘాలవాళ్లు వస్తారు, ఇంజనీర్లు వస్తారు, ప్రజాప్రతినిధులు మాట్లాడతారు. డెల్టాలో ఏ సెంటరుకెళ్లినా ఇంకో విగ్రహం, ఇంకో దండ. గోదావరి రేవుల్లో సంకల్పం చెప్పే పురోహితుల్లో కొందరు ఈనాటికీ ఆయన పేరు తలుచుకుంటారు. మనల్ని ఏలడానికి వచ్చినవాళ్లలో ఇంత ఆత్మీయత దక్కినవాళ్లు చాలా అరుదు.

సరిగ్గా అదే రోజుల్లో డెల్టా కాలువలు కట్టేసి ఉంటాయి. దాళ్వా (రబీ) కోతలయ్యాక నీళ్లు ఆపి, మళ్లీ జూన్‌లో సార్వాకు (ఖరీఫ్‌కు) వదులుతారు. పూడిక తీయాలన్నా, గట్లు బలపరచాలన్నా, లాకుల తలుపులు బాగుచేయాలన్నా ఏడాది మొత్తానికి దొరికే గడువు ఈ కొద్ది వారాలే. 1899 జూలై 24న ఇంగ్లండులోని డోర్కింగ్‌లో 96 ఏళ్ల వయసులో కన్నుమూసిన ఆ మనిషిని మళ్లీ పిలిపించి తిప్పి చూపించే అవకాశం నాకే వస్తే, మే నెలలోనే రమ్మంటాను. నిండా నీళ్లున్నప్పుడు కాలువ తన లోపాలన్నీ కడుపులో దాచుకుంటుంది. ఎండినప్పుడే నిజం బయటపడుతుంది.

ఆయన నోట నేను మాటలు పెట్టను. ప్రశ్నలు మాత్రం అడగనిస్తాను. జీవితమంతా ఒకే ప్రశ్న పట్టుకుని తిరిగిన మనిషి ఏమడుగుతారో ఊహించడం కష్టం కాదు: నీళ్లు చివరి పొలం దాకా వెళ్తున్నాయా?

ఇసుక మీద కట్టిన గోడ

ముందు ధవళేశ్వరమే. అక్కడ ఆయనకు తన ఆనకట్ట కనిపించదు. 1847లో మొదలుపెట్టి 1852కు పూర్తిచేసిన ఆ కట్టడం వందేళ్లకు పైగా పనిచేసి అలిసిపోయింది. 1970లో పనులు మొదలై 1982 నాటికి దాని స్థానంలో కొత్త బ్యారేజీ నిలిచింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు, మొత్తం 175 గేట్లు, వాటి కింద దాదాపు 10 లక్షల ఎకరాల ఆయకట్టు. పేరు మాత్రం ఆయనదే.

గేట్ల కంటే ముందు పునాది ఎక్కడుందని అడుగుతారు. గోదావరి అడుగున ఎంత తవ్వినా ఇసుకే. గట్టి రాయి తగిలేదాకా తవ్వాలనుకుంటే ఆ రోజుల్లో ఆనకట్ట కట్టడమే కుదిరేది కాదు. ఇసుకలో ఇటుక బావులు దింపి, వాటి మీద గోడ లేపి, దిగువన పెద్ద పెద్ద రాళ్లు పరిచి, నీటి దూకుడును ఆ రాళ్లకు అప్పగించారు కాటన్. ఈ కిటుకు ఆయన ఇంగ్లండులో నేర్చుకున్నది కాదు. తంజావూరు దగ్గర కావేరి మీద చోళుల కాలం నాటి కల్లణైని చూసి, ఇసుకలో పునాది ఎలా నిలుస్తుందో ఆ పేరు తెలియని మేస్త్రీల పనితనం నుంచి నేర్చుకున్నారు. ఆ రుణం ఆయన దాచుకోలేదు, రాసి మరీ చెప్పారు. నాకు ఆయన మీద గౌరవం కలిగించిన విషయాల్లో మొదటిది ఇదే.

ఎందుకు కట్టాల్సివచ్చిందో కూడా ఆ గట్టు మీదే గుర్తుచేసుకోవాలి. 1832లో, నందన నామ సంవత్సరంలో వచ్చిన కరువు గుంటూరు సీమను తుడిచిపెట్టింది. గోదావరి జిల్లాలూ దెబ్బతిన్నాయి. 1839 నవంబరులో వచ్చిన తుపాను కోరంగి రేవును ముంచేసింది. 1821లో 7.38 లక్షలున్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి 5.61 లక్షలకు పడిపోయింది. నిండు గోదావరి పక్కనే పారుతుంటే జనం తిండిలేక పోయారు, వలసలు పోయారు. ఈ స్థితిలో 1844లో, 1845లో కాటన్ రాసిన నివేదికలు ప్రభుత్వాన్ని కదిలించాయి.

ఒక మాట దాచకూడదు. ఈస్టిండియా కంపెనీవాళ్లు జాలిపడి డబ్బు ఇవ్వలేదు. జనం చస్తే శిస్తు రాదు, నీళ్లొస్తే శిస్తు పెరుగుతుంది. ఆ లెక్క కాటన్‌కు బాగా తెలుసు కాబట్టే వాళ్ల భాషలోనే వాదించి ఒప్పించారు. కడుపు నింపే పనికి ఖజానా లెక్కలు అడ్డుపడే చోట, ఆ లెక్కలనే ఆయుధం చేసుకున్నారు. అంతమాత్రాన సామ్రాజ్యం పుణ్యాత్మురాలైపోదు. ఎండలో రాళ్లు మోసిన వేలమంది కూలీల్లో ఒక్కరి పేరూ మనకు మిగల్లేదు. ఆనకట్ట కథలో మిగిలిన కొద్ది తెలుగు పేర్లలో ఒకటి వీణెం వీరన్నది. ఆనకట్ట పనుల్లో కాటన్‌కు కుడిభుజంగా నిలిచిన తెలుగువాడు. విగ్రహాలన్నిటి పక్కనా ఆయనకూ చోటుండాల్సింది.

బ్యారేజీ దగ్గర కాటన్ సంతోషించే సంగతి ఒకటుంది. నీటిమట్టం కొలత చూపించి చెప్తాను: ఇక్కడ వరద 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. 1986 ఆగస్టులో ఏకంగా 35 లక్షల క్యూసెక్కులు వచ్చింది. లంకలకు లంకలు మునిగాయి. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. భద్రాచలం దగ్గర గోదావరి ఎన్ని అడుగులుందో ఇప్పుడు లంక రైతు ఫోనులో చూసుకుంటాడు. నీరు కిందికి చేరేలోపు గొడ్డూ గోదా గట్టెక్కించుకుంటాడు. వర్షం లెక్క, నది లెక్క సామాన్యుడి జేబులోకి రావడం కంటే పెద్ద మార్పు ఈ నూట డెబ్బై ఏళ్లలో డెల్టాకు మరొకటి లేదని నేననుకుంటాను.

రాజమండ్రిలో మూడు రైలు వంతెనలు వరసగా కనిపిస్తాయి. 1900లో ప్రారంభమై 1997లో విశ్రాంతి తీసుకున్న హేవ్‌లాక్ వంతెన, 1974 నాటి రోడ్డు కమ్ రైలు వంతెన, 1997లో వచ్చిన ఆర్చి వంతెన. రైళ్ల మీద పెట్టే డబ్బు కాలువల మీద పెట్టండని బ్రిటిష్ పార్లమెంటు సంఘం ముందు కూడా పోట్లాడిన మనిషి ఆయన. విచిత్రమేమిటంటే 1837లో మద్రాసు దగ్గర రెడ్ హిల్స్‌లో రాళ్లు మోయడానికి పట్టాలు వేయించిందీ ఆయనే. రైలు మీద కోపం కాదు, ప్రాధాన్యం మీద పట్టింపు. వంతెనలు చూపించి, ఎక్కువసేపు ఆగకుండా కాలువ గట్టు ఎక్కిస్తాను.

గట్టు వెంట

నీళ్లు లేని కాలువలో మొదట కంటపడేది గుర్రపుడెక్క. మే ఎండకు వాడి, బురదకు అతుక్కుని, లాకుల ముందు దిబ్బలుగా పేరుకుని ఉంటుంది. కాటన్ కట్టిన రోజుల్లో ఈ మొక్క మన దేశంలో లేదు. ఊదారంగు పూలు చూసి ముచ్చటపడి ఎవరో తెచ్చారు, ఇప్పుడు ప్రతి కాలువకూ ఉరితాడైంది. దాని కింద ప్లాస్టిక్ సంచులు, సీసాలు, పాత పరుపులు. ఊరి మురుగు గొట్టాలు నేరుగా పంటకాలువలోకే తెరుచుకుని ఉంటాయి. పంటకాలువ వేరు, మురుగుకాలువ వేరు అన్నది డెల్టా నిర్మాణానికి మొదటి సూత్రం. ఆ రెండూ కలిసిపోయిన చోట ఆయన నిలబడి ఎంతసేపు చూస్తారో నేను చెప్పలేను.

ఆ కాలువ నీళ్లే తాగునీళ్లు. ఈ సంగతి డెల్టా బయటివాళ్లకు చాలామందికి తెలియదు. తీరానికి దగ్గరి ఊళ్లలో బోరు వేస్తే ఉప్పునీళ్లు పడతాయి. అందుకే కాలువ కట్టేసే ముందు ఊరి మంచినీటి చెరువును నింపుకుంటారు. మళ్లీ కాలువ వచ్చేదాకా ఆ చెరువే దిక్కు. కాలువలో ఏది పడితే అది చెరువులోకి వస్తుంది, చెరువులోంచి బిందెలోకి వస్తుంది. ఇప్పుడు డబ్బున్నవాళ్లు ఇరవై లీటర్ల టిన్ను కొనుక్కుంటున్నారు. లేనివాళ్లు చెరువునీళ్లే వడగట్టుకుంటున్నారు. గోదావరి ఒడ్డున నీళ్లు కొనుక్కుని తాగడమేమిటని ఆయన అడిగితే నా దగ్గర జవాబు ఉండదు.

లాకుల దగ్గర పడవలు కనిపించవు. ఒకప్పుడు ధాన్యం, కొబ్బరి, కలప, పెళ్లివారు, నాటకాలవాళ్లు అంతా కాలువ మీదే తిరిగారు. గోదావరి కాలువల్లోంచి కృష్ణా కాలువల్లోకి, అక్కణ్నుంచి బకింగ్‌హాం కాలువలోకి పడి మద్రాసు దాకా సరుకు పోయేది. పడవను పై మట్టానికి ఎక్కించి, కింది మట్టానికి దించే లాకులు అందుకే పెట్టారు. 2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న ఈ కాలువలతో పాటు గోదావరి, కృష్ణల్లో కొంత దూరాన్నీ కలిపి నాలుగో జాతీయ జలమార్గమని ప్రకటించారు. వెయ్యి కిలోమీటర్లకు పైగా పొడవున్న దారి. కాటన్ కలకు ఇన్నాళ్లకు సర్కారు ముద్ర పడింది. గట్టు మీద నిలబడితే మాత్రం కాలువలో పడవ లేదు, లాకు తలుపు తుప్పు పట్టి ఉంది.

గన్నవరం దగ్గర కాసేపు

నాకు ఇష్టమైన చోటు ఇది. తొందరపడి దాటిపోను.

కోనసీమలో పి.గన్నవరం దగ్గర వైనతేయ పాయ అడ్డంగా పారుతుంది. దాని అవతల నగరం లంకకు నీళ్లివ్వాలంటే కాలువ నది దాటాలి. కాటన్ దగ్గర పనిచేసిన కుర్ర ఇంజనీరు హేగ్ 1850ల్లో నదికి అడ్డంగా 49 కమానులు కట్టి, వాటి మీదుగా కాలువను పారించాడు. కింద నది, పైన కాలువ, ఆ కాలువలో పడవలు. వరద వస్తే కమానుల మీదుగా నీళ్లు పోయినా కట్టడం నిలబడేది. అక్విడెక్టు అని ఊళ్లో చిన్నపిల్లలు కూడా అనేస్తారు. దాదాపు నూటయాభై ఏళ్లు నీరు మోసి, 2000లో పక్కన కొత్తది వచ్చాక పని మానేసింది. పాతదీ కొత్తదీ పక్కపక్కనే ఉన్నాయి. ఇంజనీరింగు చదివే ప్రతి తెలుగు విద్యార్థినీ ఒక్కసారైనా ఇక్కడికి తీసుకురావాలి.

కొత్త అక్విడెక్టు పేరు దగ్గర ఆయన్ను ఆపుతాను. దానికి పెట్టింది ఇంజనీరు పేరు కాదు, మంత్రి పేరూ కాదు. డొక్కా సీతమ్మ గారి పేరు. ఆమె పుట్టింది 1841లో, మండపేటలో. అంటే జిల్లా జనాభా 5.61 లక్షలకు పడిపోయిందని లెక్క తేలిన ఏడాదే. పెళ్లయి లంకల గన్నవరం వచ్చాక, గోదావరి పాయలు దాటి వచ్చే బాటసారులకు వేళాపాళా చూడకుండా అన్నం పెట్టింది. కులం అడగలేదు. వరదలొస్తే లంకల్లో చిక్కుకున్నవాళ్లకు వండి పంపింది. 1909లో పోయేదాకా ఆ ఇంట్లో పొయ్యి ఆరలేదంటారు. ఏడవ ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేక వేడుకకు ఆమె ఫొటో తెప్పించుకున్నాడని గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. 2024 నుంచి మన సర్కారు బడుల్లో మధ్యాహ్న భోజనానికి ఆమె పేరే పెట్టారు. మే నెల కాబట్టి బడులు మూసి ఉంటాయి, లేకపోతే ఒక బడి వరండాలో పిల్లల పంక్తిలో ఆయన్ను కూర్చోబెట్టేదాన్ని.

కాటన్ నీళ్లు తెచ్చారు. ఆ నీళ్లతో పండిన ధాన్యాన్ని ఆకలి ఉన్నవాడి విస్తరి దాకా చేర్చింది సీతమ్మ. పండటం, అందటం రెండు వేరు వేరు పనులు. మొదటి పనికి ఇంజనీరు చాలు. రెండోదానికి ఊరు కావాలి, మనసు కావాలి. తన కాలువ మీద ఆమె పేరు చూసి ఆయన టోపీ తీస్తారని నా నమ్మకం.

ఉప్పు, బురద

అక్కణ్నుంచి భీమవరం వైపు వెళ్తే వరి చేలు తగ్గి చెరువులు ఎదురవుతాయి. కనుచూపు మేర ఏరేటర్లు నీళ్లు చిమ్ముతుంటాయి. 2009 నుంచి వనామీ రొయ్య వచ్చాక ఈ మార్పు పరుగందుకుంది. వరితో పోలిస్తే ఎకరానికి వచ్చే డబ్బు ఎక్కువ, నష్టం వస్తే అదీ ఎక్కువే. 2025లో అమెరికా సుంకాలు పెంచితే ఇక్కడ గట్టు మీద రొయ్య ధర పడిపోయింది. చెరువు తవ్విన రైతును నేను తప్పుపట్టను. బతుకుతెరువు వెతుక్కున్నాడు. కానీ చెరువు పక్క వరి చేలోకి ఉప్పు ఊరుతుంది, చెరువు కడిగిన నీరు కాలువలోకి వస్తుంది, ఆ కాలువ నీరే మళ్లీ తాగునీరు. కొల్లేటి కథ కూడా ఇదే. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన సరస్సు చేపల చెరువుల కింద నలిగిపోతే, 2006లో గట్లు పగలగొట్టాల్సివచ్చింది.

సముద్రం దగ్గర ఇంకో నష్టం. డెల్టా అంటేనే నది తెచ్చి పోసిన ఒండ్రు. ఎగువన ఎన్నో జలాశయాలు కట్టుకున్నాం, ఒండ్రు వాటిలోనే ఆగిపోతోంది. నది పోసేది తగ్గితే సముద్రం కోసేది పెరుగుతుంది. కాకినాడ పక్కన ఉప్పాడలో ఇళ్లు, వీధులు అలల పాలయ్యాయి. ఇందులో కాటన్ మొదలుపెట్టిన పనికి కూడా వాటా ఉంది. నీటిని ఆపడం నేర్పిన తరానికి, ఆపిన నీటిలో ఇంకేం ఆగిపోతుందో తట్టలేదు.

ఎగువకు

ఒక రోజు ఎగువకు కూడా తీసుకెళ్తాను. పోలవరం దగ్గర 48 గేట్ల స్పిల్‌వే చూసి ఆయన కళ్లు మెరుస్తాయి, అనుమానం లేదు. నదుల్ని కలపాలని ఆనాడే కలగన్న మనిషి. పట్టిసీమ ఎత్తిపోతలతో గోదావరి నీళ్లు కృష్ణలో పడటం 2015లోనే మొదలైందని చెప్తే సంతోషిస్తారు. ఆ సంతోషం అయ్యాక ముంపు ఊళ్ల నుంచి లేపిన కోయ, కొండరెడ్డి కుటుంబాల కాలనీలకు తీసుకెళ్తాను. పోలవరం ప్రాజెక్టు కింద నిర్వాసితుల లెక్క లక్ష కుటుంబాలు దాటింది. ధవళేశ్వరంలో ఆయన కట్టింది గట్ల మధ్య ఒదిగిన పొట్టి గోడ. ఎవరి ఇల్లూ మునగకుండా కాలువలు నింపింది. ఎత్తు పెరిగేకొద్దీ ఆ నీటికి ఎవరు మూల్యం చెల్లిస్తారన్నది పెద్ద ప్రశ్న అవుతుంది. అడవి, వాగు, దేవర ఉన్న చోటు వదిలి వచ్చినవాళ్లకు పరిహారం పూర్తిగా ముట్టకుండా ఏ ప్రాజెక్టూ పూర్తయినట్టు కాదు.

ఇంకా పైకి, తెలంగాణలో మేడిగడ్డకు కూడా వెళ్లాలి. 2019 జూన్‌లో ప్రారంభించిన బ్యారేజీలో 2023 అక్టోబరు 21న ఏడో బ్లాకులో పిల్లర్లు కుంగాయి. పునాది కింద ఇసుక కొట్టుకుపోవడాన్ని, డిజైన్, నాణ్యత, నిర్వహణ లోపాలను నేషనల్ డ్యామ్ సేఫ్టీ అథారిటీ నిపుణులు ఎత్తిచూపారు. అదే గోదావరి, అదే ఇసుక. కంప్యూటర్లు లేని కాలంలో బావులు దింపి కట్టినవాళ్లు ఏటేటా దిగువన రాళ్లు పోసుకుంటూ కాపాడుకున్నారు. ఇసుక మీద కట్టిన కట్టడానికి కట్టడం పూర్తయిన రోజున పని మొదలవుతుంది. రెండు రాష్ట్రాల్లోనూ కొత్త ప్రాజెక్టుకు నిధులు దొరికినంత సులువుగా పాతదాని మరమ్మతుకు దొరకవు. నాకు కోపం తెప్పించే విషయం ఇదొక్కటే.

శివారులో

చివరి మజిలీ అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన. కాలువ చిట్టచివరి ఊళ్లు. శివారు భూములంటారు. ఎగువన ఎవరెంత వాడుకున్నా తేలేది ఇక్కడే. 2011లో కోనసీమ రైతులు లక్ష ఎకరాల దరిదాపుల్లో నాట్లు వేయకుండా క్రాప్ హాలిడే ప్రకటించారు. అన్నపూర్ణ అని పిలిపించుకున్న నేల పంట విరామం ప్రకటించింది. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. 2022లో మళ్లీ అదే మాట వినపడింది. కారణాలు కొత్తవి కావు. పెట్టుబడికి తగ్గ ధర లేదు, కూలీలు దొరకరు, పూడిన మురుగుకాలువల వల్ల ఒక్క తుపానుకే చేను రోజుల తరబడి నీళ్లలో నానుతుంది. దాళ్వాకు సీలేరు జలవిద్యుత్ కేంద్రాల నుంచి వదిలే నీటి మీద ఆధారపడాలి.

ఇక్కడ కాటన్‌ను విగ్రహం దగ్గరికి తీసుకెళ్లను. నీటి సంఘం సమావేశంలో, రైతుల మధ్య ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెడతాను. 1997 చట్టంతో వచ్చిన సంఘాలివి. కాలువ నిర్వహణలో రైతుకు మాట ఉండాలన్న ఆలోచన ఆయనకు నచ్చుతుంది. అక్కడ మూడు ప్రశ్నలు వస్తాయి. నీళ్లు ఎప్పుడు వదులుతారు? జూన్ మొదట్లోనే వదిలితే అక్టోబరు, నవంబరు తుపాన్ల కంటే ముందే కోతలైపోతాయి. ఈ ప్రశ్నకు ఆయన అర్ధగంటలో లెక్కకట్టి తేదీ చెప్పగలరు. మురుగుకాలువ ఎప్పుడు తవ్విస్తారు? మట్టి ఎంతుందో, మనుషులు ఎందరు కావాలో, ఎన్ని రోజులు పడుతుందో అక్కడికక్కడే చెప్తారు. మే నెల ఇంకా సగం మిగిలే ఉంటుంది కూడా.

మూడో ప్రశ్న వెనక వరసలో నిలబడ్డ కౌలు రైతుది. డెల్టాలో దుక్కి దున్నేవాళ్లలో ఎక్కువమంది కౌలుదార్లే. పొలం ఒకరిది, చెమట ఇంకొకరిది. పంట మునిగితే పరిహారం, బ్యాంకు అప్పు, బీమా అన్నీ పాసుబుక్కు ఉన్నవాళ్లకు వెళ్తాయి. 2019 చట్టం కింద కౌలు కార్డు తీసుకోవాలంటే భూయజమాని సంతకం కావాలి. చాలామంది యజమానులు పెట్టరు, కౌలుదారు అడగడానికి భయపడతాడు. నా పేరు మీద కార్డు ఎప్పుడిస్తారని అతను అడిగితే కాటన్ దొర దగ్గర దానికి లెక్క లేదు. అది కాలువ చివర తేలే సమస్య కాదు, శాసనసభలో తేలాల్సింది. ఆ సమావేశంలో ఆయన పక్కన ఇరిగేషన్ మంత్రినీ, రెవెన్యూ మంత్రినీ కూడా కూర్చోబెట్టి, కార్డు చేతికొచ్చే తేదీ చెప్పేదాకా లేవనివ్వకూడదు.